రెండో గొంతు

పోయిన వారం ముగ్గురు యువకులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మా క్రైస్తవ సంఘాల్లో పాటలు కట్టి, వాటిని నాలుగు గొంతుల్లో పాడించిన పెద్దాయన మీద పుస్తకం వేస్తున్నారట. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇంకా బతికి ఉన్నది నేనొక్కదాన్నేనని ఎవరో చెప్పారట. "రెండు పేజీలు రాసియ్యండి పెద్దమ్మా, మంచి మంచి జ్ఞాపకాలు" అన్నాడు ఒకడు. ఇంకొకడు ఆయన్ను దైవజనుడన్నాడు. మూడోవాడు ఫోన్లో ఆయన పాట పెట్టి వినిపించాడు. వాళ్ళకు టీ ఇచ్చి, ఆలోచిస్తానని చెప్పి పంపేశాను. మంచి జ్ఞాపకాలే కావాలంటే రెండు పేజీలెందుకు, పోస్టుకార్డులో సగం చాలు. మిగతావి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన టౌనులో మిషను కాంపౌండులో ఉండేవాడు. హైస్కూల్లో పిల్లలకు పాటలు నేర్పేవాడు కాబట్టి మా పల్లెలో అందరూ అయ్యవారు అనేవాళ్ళు. మా వైపు ఎండలు ఎట్లాంటివో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అంత ఎండలోనూ నల్లకోటు వేసుకుని సైకిలు మీద వచ్చేవాడు. దగ్గరికి వస్తే కోటులోంచి కలరా ఉండల వాసన, తలలోంచి కొబ్బరినూనె వాసన, నోరు తెరిస్తే లవంగం వాసన. మా పల్లెలో ఉండేది మేకల వాసన, చెనక్కాయ పొట్టు కాల్చిన పొగ వాసన. అది సోకుతుందేమోనని ఆయన సైకిలు దిగేటప్పుడు ప్యాంటును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకునేవాడు. ఆయన తాత కూడా మాలాంటి పల్లెలోంచే కరువు గంజి కోసం కాంపౌండుకు నడిచి పోయినవాడని మా జేజి, అంటే మా నాయనమ్మ, చెప్పేది. గంజి తాగినవాడి మనవడికి మా సంగటి పడేది కాదు.

"రాగి సంగటి నాకు అరగదమ్మా, కడుపు ఉబ్బుతుంది" అనేవాడు. కాబట్టి జొన్న రొట్టె చేయాలి. రొట్టెలోకి కోడి కూర చేయాలి. ఆయన వచ్చిన ప్రతి ఆదివారం మా పల్లెలో ఒక కోడి తగ్గేది. మా జేజి పొయ్యి ముందు కూర్చుని మసాలా నూరుతూ, "వచ్చేది దేవుని కోసరమా, కోడి కోసరమా? దేవుని కోసరమైతే సంగటీ ఊరిమిండి పచ్చడీ తింటాడు గదా!" అని ఆయనకు వినపడేట్టే అనేది. ఆయనకు వినపడేది కాదు. పాట తప్ప ఇంకేదీ వినపడని చెవులని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు.

ఆయన జేబులో రెండు కొమ్ముల ఇనుప కడ్డీ ఒకటి ఉండేది. దాన్ని మోకాటికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే శ్రుతి పలుకుతుంది. కొట్టినప్పుడల్లా కళ్ళు మూసుకుని, ఆకాశంలోంచి ఎవరో ఆయనకొక్కడికే కబురు పంపినట్టు తల ఊపేవాడు. మేం పిల్లలం ఆయనకు టింగయ్య అని పేరు పెట్టుకున్నాం. ఒకసారి ఆయన కోడి ఎముకల పనిలో ఉండగా కోటు జేబులోంచి ఆ కడ్డీ తీసి, రాతికి కొట్టి, మా బర్రె చెవిలో పెట్టాం. బర్రె తాడు తెంపుకుని ప్రార్థన గుడిలోకి పరుగెత్తింది. దెబ్బలు నాకే పడ్డాయి, ఎందుకంటే దొంగిలించింది నేనే.

ఆయన పద్ధతి చెప్పాలి. ఒక్కో పాటకు నాలుగు గొంతులు రాసేవాడు. పై గొంతు అసలు పాటను పాడుతుంది. రెండోది, మూడోది, నాలుగోది ఒకదాని కింద ఒకటి ఉండి దానికి ఊత ఇస్తాయి. దొరల దేశపు పద్ధతి. కాంపౌండు గుడిలో చదువుకున్నవాళ్ళను నాలుగు వరుసలు చేసి అట్లా పాడించడం ఆయనకు కష్టం కాదు. పల్లెలకు వచ్చేసరికి చిక్కొచ్చింది. మేం కాగితం చూసి పాడలేం, చెవితో పట్టుకుంటాం. పక్కన పై గొంతు వినపడితే చాలు, మా గొంతులన్నీ దాని వెంట పరుగెత్తేవి. అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. నాలుగు ఊళ్ళు తీసుకుని ఒక్కో ఊరికి ఒక్కో గొంతే నేర్పడం. కోత పండుగకు అందరూ టౌనులో కలిసేదాకా ఒక ఊరి పాట ఇంకో ఊరు వినకూడదు.

ఉపాయం మంచిదే. ఇందులో పాపం ఏమిటంటే, మొదట వెళ్ళిన, పెన్న ఒడ్డున ఉండే ఏటి ఊళ్ళో ఆయన నిజమే చెప్పాడట, మీది కింది గొంతు అని. ఆ ఊరి పెద్దలు తుండుగుడ్డలు దులుపుకుని లేచారట. "బతుకంతా కిందనే ఉండాము. గుళ్ళో గూడా కిందనేనా?" అన్నారట. ఆయన భయపడి వాళ్ళకు పై గొంతు ఇచ్చి శాంతింపజేశాడు. ఆ దెబ్బతో తెలివి తెచ్చుకుని, మిగిలిన మూడు ఊళ్ళలోనూ గొంతుల సంగతే ఎత్తలేదు. మా ఊరికి వచ్చి, చేతులు జోడించి, "ఇది మీ ఊరి పాట. మీకోసమే కట్టాను" అన్నాడు.

మాకు వచ్చింది రెండో గొంతు. అది పాటలో ఒక ముక్క అని మాలో ఎవరికీ తెలియదు.

పాట మాటలు మంచివే, అంతవరకు ఒప్పుకోవాలి. 'ఇసుక కింద నీళ్ళు దాచిన దేవా, మా గొంతు తడపవయ్యా' అని మొదలు. పెన్న ఎండిపోయినప్పుడు ఇసుకలో చెలమ తవ్వి, గిన్నెడు గిన్నెడు నీళ్ళు తోడుకునేవాళ్ళం మేము. ఆయన ఒక్కనాడూ చెలమ తవ్విన పాపాన పోలేదు. అయినా ఆ మాట ఆయనకు ఎట్లా దొరికిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇక రాగం అంటారా, రెండో గొంతుకు పెద్ద రాగమేముంటుంది? ఒకచోటే కూర్చుని, అప్పుడప్పుడు ఒక మెట్టు దిగి, మళ్ళీ ఎక్కి కూర్చునేది. మా అమ్మకు అదే నచ్చింది.

"నడుము వంచి పీకేటప్పుడు పాడను బాగుండాది. ఊపిరి ఎగదోసే పని ల్యా" అనేది.

అది చెనక్కాయలు పీకే కాలం. రెడ్ల చేలల్లో ఆడవాళ్ళు వరుసగా వంగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఒక్క పాటే పాడేవాళ్ళు. పచ్చి కాయల పాలవాసన, తడిమట్టి వాసన, ఆ పాట, మూడూ కలిసే నాకు గుర్తున్నాయి. మా ఊళ్ళో పిల్లల్ని నిద్రపుచ్చినా అదే, పెళ్ళిలో బంతిభోజనాలప్పుడూ అదే. మా నాయన నాపరాయి గనిలో బండలు తీసేవాడు. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేటప్పుడు ముందు ఆ పాట మా వీధిలోకి వచ్చేది, వెనక నాయన వచ్చేవాడు. గొంతు బాగుండేది కాదు, రాతి పొడి మింగిన గొంతు. కానీ రెండో గొంతుకు అంతకంటే అక్కర్లేదు.

నేను మిషను బడిలో నాలుగో తరగతి చదివేదాన్ని. అయ్యవారు డో, రే, మీ అక్షరాలతో రాసుకొచ్చిన కాగితం చదవగలిగింది పల్లెలో నేనొక్కదాన్నే. "ఈ పిల్లకు చెవి ఉంది" అన్నాడాయన ఒకరోజు, అందరి ముందు. మూడు రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు. బర్రె చెవిలో కడ్డీ పెట్టిన దాన్ని కాస్తా, ఆయన వస్తే సైకిలు తుడిచిపెట్టే దాన్నయ్యాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఒకసారి వేంపల్లె సంతలో గుట్టు బయటపడబోయింది. మా మేనత్త మిరపకాయలు ఏరుతూ పాట అందుకుంది. అవతల చింతపండు అమ్ముతున్న ఏటి ఊరి ఆమె తల తిప్పింది.

"ఏందమ్మే, ఆ పాటను అట్ల చంపుతాండావు?"

"మా ఊరి పాట. మా అయ్యవారు నేర్పిండాడు."

"మా ఊరి పాట మీకెందుకు నేర్పుతాడు? అది ఇట్ల పైకి పోవాల" అని ఆమె గొంతెత్తి పాడి చూపించింది.

మా అత్త చెవులు మూసుకుంది. "ఓయమ్మ! పిల్లి తోక తొక్కినట్టుండాది. పోయి మళ్ళీ నేర్చుకో పో!"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడుతూ ఇళ్ళకు వెళ్ళారు. ఆ ఆదివారం మా అత్త అయ్యవారిని అడిగింది. "వాళ్ళది వాళ్ళకు, మీది మీకు. చెవులు చెడగొట్టుకోకండి" అన్నాడు, రొట్టె తుంచుకుంటూ. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోట్లో రొట్టె ఉంది, పండుగ దగ్గరపడుతోంది, చెప్పలేదు.

పండుగ ఇంకా ఇరవై రోజులుందనగా గనిలో బండ జారింది. మా నాయనను నులక మంచం మీద తెచ్చారు. టౌను నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేయాలంటే మర్నాటి దాకా ఆగాలి, ఆ ఎండకు ఆగే వీలు లేదు. పల్లెలో వాక్యం చదివి ప్రార్థన చేయించే ఉపదేశి ఉన్నాడు, ఆయనే చదివాడు. తర్వాత ఏం పాట పాడాలో తెలియక అమ్మ వైపు చూశాడు.

"మన పాట పాడండి" అంది అమ్మ.

గొయ్యి పూడ్చేదాకా పల్లె అంతా ఆ పాటే పాడింది. అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టింది అమ్మ. మట్టి పడుతున్నంతసేపూ ఆమె గొంతు ఎక్కడా తగ్గలేదు. గని వాళ్ళు ఒక నాపరాయి బండ మోసుకొచ్చి పైన పరిచారు. మా నాయనకు మంచి పాట దక్కిందని జేజి అంది. నాకూ ఆ ఒక్క సంగతే ధైర్యంగా ఉండింది.

అమ్మ పండుగకు రాదనుకున్నారు. తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు బండెక్కింది. కాంపౌండులో పెద్ద పందిరి, గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ముందు కుర్చీల్లో మిషను దొరగారు, దొరసానమ్మ. నాలుగు ఊళ్ళను నాలుగు పక్కల నిలబెట్టాడు. తాను ఒక ముక్కాలిపీట ఎక్కి, కడ్డీ కొట్టి, కళ్ళు మూసుకుని, చెయ్యి ఎత్తాడు.

నాలుగు ఊళ్ళూ ఒకేసారి పాడాయి. ఒకే మాటలు, నాలుగు దారులు. మా వాళ్ళు ముందు ఉలిక్కిపడ్డారు. తర్వాత, పాపం, మిగతా ఊళ్ళు తప్పు పాడుతున్నాయి, మనమే సరిచేయాలి అనుకుని గట్టిగా ఎత్తారు. అందరికంటే గట్టిగా మా అమ్మ. ఏటి ఊరి వాళ్ళూ అదే అనుకుని ఇంకా పైకి పోయారు. దొరసానమ్మ ముఖం చిట్లించింది. అయ్యవారి ముఖం ఎర్రబడింది. పీట దిగి మా దగ్గరికి వచ్చి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"తగ్గండి! మీది పాట కాదు. పాట వాళ్ళది. మీది కింద ఊత మాత్రమే!"

అని నా వైపు చూసి, అరచేతిని కిందికి అదిమి చూపించాడు. నాకు చెవి ఉంది కదా. నాకు అర్థమైంది. నేను అమ్మ మోచెయ్యి పట్టుకుని, "మెల్లగా మా" అన్నాను.

అమ్మ నోరు మూసుకుంది. చివరిదాకా మళ్ళీ తెరవలేదు. మా వాళ్ళు తలలు వంచుకుని తగ్గించి పాడారు. తగ్గించగానే నాలుగు గొంతులూ ఒకదాని మీద ఒకటి సర్దుకున్నాయి. పాట చాలా బాగుంది. అంత బాగుండటమే నా కడుపుమంట. దొరసానమ్మ చప్పట్లు కొట్టింది, ఆయన కోటు గుండీ పెట్టుకుని వంగి దండం పెట్టాడు.

ప్రేమవిందుకు ఆకులు వేస్తున్నారు. మాంసం వాసన పందిరంతా ఉంది. అమ్మ ఆకు ముందు కూర్చోకుండా నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"అయ్యవారూ, మీరు మాకు నేర్పింది పూరా పాట కాదా?"

"నాలుగు గొంతులమ్మా. మీది రెండోది. అన్నీ కలిస్తేనే పాట."

"మా బిడ్డ నాయనను పూడ్చేటప్పుడు అదే పాడినాము."

"అయ్యో. అయినా దానికేముందమ్మా? దేవుడు అర్థం చేసుకుంటాడు."

"దేవుని సంగతి దేవుడు జూసుకుంటాడు. నేను మనిషి సంగతి అడుగుతాండా. ఆయనను పావు పాటతో పంపించినాము. మిగిలింది యాడుంది?"

"ఇప్పుడు ఏం చేయమంటావమ్మా?"

"మీరు వచ్చి పాడాల. ఆయన దగ్గర. మొత్తం పాడాల."

ఆయన అటూ ఇటూ చూశాడు. దొరగారు చూస్తున్నారేమోనని. "వస్తాను, వస్తాను. నువ్వు వెళ్ళి తినమ్మా" అన్నాడు. అమ్మ తినలేదు. నేను తిన్నాను. రెండుసార్లు కూర వేయించుకున్నాను.

వస్తానన్న మనిషి రెండు నెలలు రాలేదు. జలుబన్నాడు, పరీక్షలన్నాడు, సైకిలు టైరన్నాడు. అమ్మ మాత్రం టౌనుకు పోయే ప్రతి మనిషితోనూ కబురు పెట్టేది. ఈలోపు ఉపదేశి కాంపౌండు నుంచి నాలుగు గొంతులూ ఉన్న కాగితం అడిగి తెచ్చాడు. అమ్మ ఎవరేం పాడాలో తానే పంచింది. పైది అయ్యవారు. రెండోది తాను, మా అత్త, ఇంకో నలుగురు ఆడవాళ్ళు. నాలుగోది ఉపదేశి. మూడోది నాకిచ్చింది.

"నువ్వు సదవగలవు. నేర్చుకో" అంది.

నేర్చుకున్నాను. మేకల వెనక తిరుగుతూ, కాగితం చూస్తూ, అక్షరం పోకుండా నేర్చుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వచ్చాడు, కోటుతోనే. సమాధుల దిన్నె మీద తంగేడు పొదలు తప్ప నీడ లేదు. ఒక చేత్తో గొడుగు పట్టుకున్నాడు. రెండో చేత్తో జేబులోంచి కడ్డీ తీశాడు. గొడుగుతో మోకాలు ఎత్తడం కుదరలేదు కాబోలు, వంగి, మా నాయన బండకు కొట్టాడు. టింగుమంది. కళ్ళు మూసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆయన పైది ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు రెండోది అందుకున్నారు. ఉపదేశి కింద నుంచి నాలుగోది. రెండు వరుసలు అయ్యాయో లేదో, ఆయన చెయ్యెత్తి, "రెండో గొంతు కాస్త తగ్గాలి" అన్నాడు. సమాధి దగ్గర! మా అమ్మతో!

అమ్మ ఆగలేదు, తగ్గలేదు, ఆయన వైపు చూడను కూడా చూడలేదు. ఆయనే తడబడి మళ్ళీ కలుసుకున్నాడు. నేను నోరు బిగించుకున్నాను. ఈ మనిషి కింద నేను పాడేదేమిటి అనుకున్నాను. మూడో గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆయన నా వైపు చూశాడు. పాడుతూనే తల ఊపి రమ్మన్నాడు. నేను తంగేడు పూల వైపు చూశాను. మళ్ళీ చూశాడు. రెండో చరణం వచ్చింది. అప్పుడు ఆయన గొడుగు కింద పెట్టి, తన పై గొంతు వదిలేసి, మూడోదానిలోకి దిగాడు.

ఇక పైన పాడేవాళ్ళు ఎవరూ లేరు. అన్నిటికంటే పైన ఉన్నది మా అమ్మ గొంతు. మేం గొయ్యి దగ్గర పాడిన పాటే, మా నాయన గని నుంచి తెచ్చుకున్న పాటే, కింద ఇద్దరు మగవాళ్ళు ఊత ఇస్తుంటే నిలబడి సాగింది. అమ్మ కళ్ళల్లో అప్పుడు నీళ్ళు తిరిగాయి.

ఎండకు ఊపిరి చాలక దిగాడని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన మెడ నరాలు చూస్తూనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఊపిరి బాగానే ఉంది. అయినా ఒక్క మధ్యాహ్నం మనిషిలా నడుచుకున్నాడని, నేను ఆయన్ను దైవజనుడనేది లేదు. మూడు ఊళ్ళను మోసం చేసినవాడు, కోడికి వచ్చి సంగటిని చీదరించుకున్నవాడు.

పాట అయ్యాక అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, "ఎండ శానా ఉండాది. పొద్దు వాలినాక పోదువులే అన్నా" అంది. అంతవరకు అయ్యవారూ అన్న మనిషి. ఆ 'అన్నా' నాకు ఈరోజుకీ మింగుడు పడలేదు.

ఇంటికి వస్తూ దారిలో అమ్మ అడిగింది.

"నువ్వెందుకు పాడల్యా?"

"ఆయప్ప మీద కోపం మా."

అమ్మ చెంగు తలమీదికి లాక్కుంది. "మూడోది నీ గొంతుతోనే పోవాలనుకుంటి. ఆయప్ప మీద కోపానికి మీ నాయన ఏం జేసినాడే?" అంది.

అమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ మూడో గొంతు నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా వచ్చు. పాడదామంటే, పైన రెండోది పాడే మనిషి లేదు.